జ్వరం తగ్గాక తిరగబెట్టే రక్తపు జబ్బులు
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, పలమనేరు)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు రక్తం గురించి మాట్లాడడమే న్యాయమనిపించింది. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుజబ్బు ఆయన అన్నదమ్ములిద్దరినీ కొద్ది రోజుల తేడాలో తీసుకుపోయింది. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం క్షీణించిపోతుంది. 1923లో అమెరికా వెళ్ళిన ఆయన హార్వర్డ్‌లో పనిచేసి, తర్వాత లెడర్లీ కంపెనీ పరిశోధనకు నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. అంతకు పదిహేనేళ్ళ ముందే బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారంలో ఏదో మందు దాగి ఉందని చెప్పారు. ఆ దాగిన మందు ఇదే. దాని అణువును కాస్త మార్చి అదే బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు కొన్ని నెలల ఉపశమనం ఇవ్వగలిగారు. దాని తమ్ముడైన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ కీళ్ళవాతం మొదలుకొని ఎన్నో ఆటో ఇమ్యూన్ జబ్బులకు వాడుతున్నాం. ఆ 1948లోనే ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53.

నేను ఇవాళ చెప్పబోయే జబ్బుల్లో ఒకదానికి చీటీ రాసేటప్పుడు ఆయన మాత్ర లేకుండా మా కలం కదలదు. శరీరం తన ఎర్రకణాలను తానే పగలగొట్టుకుంటున్నప్పుడు, మూలుగ ఆ నష్టాన్ని పూడ్చడానికి రాత్రింబగళ్ళు కొత్త కణాలు తయారుచేస్తుంది. ఆ తొందరలో ఒంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ నిల్వ త్వరగా అయిపోతుంది. అందుకే ఆ పసుపుపచ్చ చిన్న మాత్ర.

అసలు విషయానికి వస్తాను. రోగనిరోధక వ్యవస్థ ఒకసారి తన రక్తం మీదికే తిరగబడిన మనిషికి, ఆ జబ్బు పూర్తిగా తగ్గినట్టే కనిపించినా, తర్వాత వచ్చే ప్రతి వైరస్ జ్వరమూ పరీక్షే. ఈ సంగతి జ్వరానికి మందు రాసే మనిషికి తెలిసి తీరాలి. మన ప్రాంతంలో అది తెలియకుండా పోయే పరిస్థితులు చాలా ఉన్నాయి. అందుకే ఈ విషయాన్ని పెద్ద నగరంలో వైద్యుల సదస్సులో కాకుండా ఇక్కడ, మీ ముందు, తెలుగులో చెప్పాలనుకున్నాను.

వైరస్ వెళ్ళిపోయాక కూడా జబ్బు మిగిలిపోతుందని మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 2005 చివర్లో చికున్‌గున్యా మన దేశంలోకి తిరిగి వచ్చింది. 1973లో మహారాష్ట్రలోని బార్సీలో కనబడిన తర్వాత మూడు దశాబ్దాలు జాడ లేకుండా పోయిన జబ్బు అది. రాయలసీమ మొదట్లోనే దాని దెబ్బ తిన్నది. 2006లో దేశం మొత్తం మీద అనుమానిత కేసులే దాదాపు 14 లక్షలని లెక్క. జ్వరం నాలుగైదు రోజుల్లో పోయింది. కానీ పొద్దున లేచి చెంబు పట్టుకోలేక, మెట్లు దిగలేక నెలల తరబడి, కొందరు ఏళ్ళ తరబడి బాధపడ్డారు. ఈ సభలో ఉన్న పెద్దల్లో ఆ నొప్పులు పడినవాళ్ళు ఉండే ఉంటారు. వైరస్ పోయిన తర్వాతా కీళ్ళ వాపు ఆరకపోవడంలో మన రోగనిరోధక వ్యవస్థ చేయి కూడా ఉంది. కీళ్ళలో జరిగిన ఆ పని రక్తంలో జరిగితే ఎలా ఉంటుందన్నదే నేటి విషయం.

రక్తంలో అది మూడు రూపాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ప్లేట్‌లెట్లను నాశనం చేసేది ఐటీపీ. ఎర్రకణాలను పగలగొట్టేది ఆటో ఇమ్యూన్ హీమోలిటిక్ అనీమియా. ఈ రెండూ ఒకే మనిషికి వస్తే, 1951లో ఆ సంగతిని వివరించిన వైద్యుడి పేరుతో ఎవాన్స్ సిండ్రోమ్ అంటాం. మూడోది టీటీపీ. అది అన్నిటికన్నా అరుదు, అన్నిటికన్నా తొందరగా ప్రాణం తీసేది. ఇవి అంటుకునే జబ్బులు కావు. తల్లిదండ్రుల తప్పు వల్లనో, తిండిలో తేడా వల్లనో వచ్చేవీ కావు. ఐటీపీ పెద్దవాళ్ళలో ఏటా లక్షకు ఇద్దరు నుంచి నలుగురికి కొత్తగా వస్తుందని అంచనా. సంఖ్య చిన్నదే. కానీ ఒకసారి వచ్చిన పెద్దవాళ్ళలో చాలామందికి అది జీవితాంతం వచ్చిపోతూ ఉంటుంది. అలా బతుకుతున్నవాళ్ళందరినీ కలిపితే ప్రతి మండలంలోనూ కొందరుంటారు.

ఐటీపీలో తప్పు రక్తంలోనే ఉందని రుజువైన తీరు చెప్పుకోదగ్గది. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ వైద్యుడు ఐటీపీ ఉన్న ఒక స్త్రీ రక్తం 500 మిల్లీలీటర్లు తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. గంటల్లోనే అతని ప్లేట్‌లెట్లు అడుగంటాయి. ఫిట్స్ వచ్చాయి, ఒంటి నిండా మచ్చలు తేలాయి. కొద్ది రోజుల్లో కోలుకున్నాడు. ప్లేట్‌లెట్లను నాశనం చేసేదేదో రోగి రక్తంలో తిరుగుతోందని, అది యాంటీబాడీ అని వైద్యలోకం నమ్మడానికి ఆ ఒక్క ప్రయోగం చాలింది. ఇవాళ ఏ నీతి సంఘమూ ఒప్పుకోని పని అది. అయినా ఆ సాహసానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మరి వైరస్ ఈ గొడవలోకి ఎలా వస్తుంది? దొంగ ఎర్రచొక్కా వేసుకున్నాడని, ఎడమ బుగ్గ మీద మచ్చ ఉందని ఊరంతా ఆనవాళ్ళు చాటితే, అదే రంగు చొక్కా, అదే మచ్చ ఉన్న బాటసారి కూడా దెబ్బలు తింటాడు. వైరస్ మీద తయారైన యాంటీబాడీలు కొన్నిసార్లు పోలిక చూసి ప్లేట్‌లెట్ల మీద పడతాయి. హెచ్ఐవీ, హెపటైటిస్ సీ, ఆటలమ్మ వైరస్‌ల విషయంలో ఇలాంటి పోలికలున్న భాగాలను శాస్త్రవేత్తలు గుర్తించారు. అయితే జబ్బు తిరగబెట్టడానికి కొత్త యాంటీబాడీలే అవసరం లేదు. పాత యాంటీబాడీలు తక్కువ మోతాదులో ఇంకా తిరుగుతూ ఉంటాయి. ప్లేట్‌లెట్లు కొన్ని రోజూ పోతూనే ఉంటాయి. మూలుగ వాటికి దీటుగా కొత్తవి తయారుచేస్తూ ఉంటుంది. బయటికి మాత్రం మనిషి బాగున్నాడు. అలాంటి మనిషికి ఒక వైరస్ జ్వరం తగిలితే రెండు వైపులా తూకం తప్పుతుంది. మూలుగ కొన్నాళ్ళు మందగిస్తుంది. ప్లీహంలో యాంటీబాడీ అంటిన కణాలను మింగే కణాలకు ఆకలి రెట్టింపవుతుంది. లక్షన్నర ఉన్న లెక్క వారంలో పదివేలకు పడిపోతుంది.

పిల్లల్లో కథ వేరు. ఆటలమ్మ పోసి తగ్గాక, లేదా జలుబు జ్వరం వచ్చి తగ్గాక, రెండు వారాలకు హాయిగా ఆడుకుంటున్న బిడ్డ కాళ్ళ మీద ఉన్నట్టుండి ఎర్రటి చుక్కలు, నల్లటి కమిలిన మచ్చలు వస్తాయి. తల్లిదండ్రులు హడలిపోతారు. పక్కింటివాళ్ళు ఎవరో కొట్టారేమోనని అనుమానిస్తారు. వీళ్ళలో నూటికి దాదాపు ఎనభై మందికి ఏడాదిలోపే, ఎక్కువమందికి ఆరు నెలల్లోపే దానంతట అదే తగ్గిపోతుంది. రక్తస్రావం లేకుంటే చాలామందికి మందే అవసరం రాదు, దగ్గరుండి చూసుకుంటే చాలు. పెద్దవాళ్ళకు ఈ భరోసా ఇవ్వలేం.

ఇప్పుడు డెంగీ మాట. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మన ప్రాంతంలో ఐటీపీ ఎక్కువగా తప్పిపోయేది డెంగీ గుంపులోనే. వానలు మొదలయ్యాయంటే పత్రికల్లో విషజ్వరాల వార్తలు వస్తాయి, ఇంటింటా ప్లేట్‌లెట్ల లెక్కే మాట. ఎనభై వేలట, నలభై వేలట అని ఫోన్లలో చెప్పుకుంటారు. ఆ అంకె పడిపోతుంటే ఇంటిల్లిపాదీ కుంగిపోతారు, బొప్పాయి ఆకు రసం వెతుకుతారు, రక్తనిధి ముందు క్యూ కడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ డెంగీలో ప్రాణాపాయం ముఖ్యంగా ప్లేట్‌లెట్లు తగ్గడం వల్ల కాదు. రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోయి రక్తం చిక్కబడడం వల్ల. జ్వరం తగ్గే రోజుల్లోనే ఆ ప్రమాదం ఎక్కువ. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, కాళ్ళు చేతులు చల్లబడడం కనిపిస్తే ప్లేట్‌లెట్లు ఎన్నున్నా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంకో మాట. సింగపూరు, మలేషియాల్లో 372 మంది పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ప్లేట్‌లెట్లు 20,000 లోపు పడిపోయినా రక్తస్రావం లేని డెంగీ రోగులకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల రక్తస్రావం తగ్గలేదని, పైగా దుష్ఫలితాలు ఎక్కువయ్యాయని అది తేల్చింది.

అంటే ఎంత పడిపోయాయి అన్న ప్రశ్న కన్నా ఎందుకు పడిపోయాయి అన్న ప్రశ్న ముఖ్యం. డెంగీలో ప్లేట్‌లెట్లు జ్వరం వచ్చిన నాలుగో రోజు నుంచి ఏడో రోజు మధ్య అడుక్కి చేరతాయి. జ్వరం తగ్గిన రెండు మూడు రోజుల్లో లేవడం మొదలవుతుంది. పది రోజులకల్లా దాదాపు మామూలు స్థితికి వస్తాయి. జ్వరం పోయి వారం దాటింది, ఆకలి వచ్చింది, మనిషి తిరుగుతున్నాడు, అయినా లెక్క పదిహేను వేల దగ్గరే ఉంది అంటే అది డెంగీ పని కాదు. డెంగీ ముగిసింది, వేరేది మొదలైంది, లేదా పాతది తిరగబెట్టింది. డెంగీ తర్వాత ఐటీపీ మొదలైనవాళ్ళ గురించి మన దేశపు వైద్యులే నివేదికలు రాశారు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, చాలామంది కథల నుంచి కూర్చినది. ఇరవై ఏళ్ళ వయసులో ఒక అమ్మాయికి ఐటీపీ వచ్చింది. వేరే ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో చూపించారు, స్టెరాయిడ్ మాత్రలు కొన్ని నెలలు వాడారు, తగ్గింది. పెళ్ళయింది. పెళ్ళి సంబంధం చెడుతుందేమోనని పుట్టింటివాళ్ళు ఆ కాగితాలు దాచేశారు. నాలుగేళ్ళ తర్వాత వానాకాలంలో జ్వరం వచ్చింది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పన్నెండు వేలు. చూసిన డాక్టరు గారికి ఊరంతా కనిపిస్తున్నది డెంగీయే కాబట్టి డెంగీ అనే అనుకున్నారు. అంతకుముందే ఊళ్ళో ఒళ్ళునొప్పులకు సూది వేయించుకుంటే తొడ మీద గుడ్డంత గడ్డ కట్టింది. జ్వరం తగ్గింది, ఇంటికి పంపారు. నెలసరి వచ్చింది, ఆగలేదు. పదో రోజుకు మనిషి పాలిపోయి ఆసుపత్రికి వచ్చింది. ఇంతలో ఎవరూ ఆమెను ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా అని అడగలేదు. ఆమె చెప్పలేదు, అత్తగారింట్లో చెప్పగలిగే పరిస్థితి లేదు. ఈ కథలో ఏ ఒక్క మలుపు మారినా ఆమెకు అంత రక్తం పోయేది కాదు.

ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. నడివయసు లోపు పెద్దవాళ్ళలో ఐటీపీ మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. వాళ్ళలో జబ్బు తిరగబెట్టిందనడానికి మొదటి సూచన చాలాసార్లు నెలసరి ఎక్కువ రోజులు, ఎక్కువగా కావడం. మన ఇళ్ళల్లో దాన్ని రక్తం తక్కువ అని, నీరసం అని, ఐరన్ మాత్రలతో సరిపెడతాం. జ్వరం వచ్చిపోయిన తర్వాతి నెలలో నెలసరి తీరు మారితే ఆ అమ్మాయికి రక్తపరీక్ష చేయించండి. అత్తగార్లు, తల్లులు ఈ సభలో ఎక్కువమందే ఉన్నారు, మీతోనే ఈ మాట.

ప్లేట్‌లెట్లు తగ్గిన ప్రతి జ్వరం వైరస్ జ్వరం కాదని కూడా గుర్తుంచుకోవాలి. చలి నెలల్లో వేలూరు, చిత్తూరు చుట్టుపక్కల స్క్రబ్ టైఫస్ ఉంటుంది. పొదల్లో ఉండే సన్నటి పురుగు కుట్టి వస్తుంది. కుట్టినచోట సిగరెట్ కాల్చినట్టు నల్లటి పొక్కు ఉంటుంది, అది చంకలోనో గజ్జల్లోనో ఉండి కనబడదు. డాక్సీసైక్లిన్‌తో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆ మందు ఇవ్వకపోతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వేలూరు సీఎంసీ వైద్యులు మన ప్రాంతంలో దాని తీరు మీద ఇరవై ఏళ్ళకు పైగా రాస్తున్నారు. వైరస్‌ల సంగతీ అంతే. 1964లో మద్రాసు, వేలూరుల్లో చికున్‌గున్యా వ్యాపించినప్పుడు రోగుల రక్తంలోనూ దోమల్లోనూ ఆ వైరస్‌ను పట్టి చూపినవాళ్ళలో ఆ సంస్థవాళ్ళున్నారు. పక్క ఊళ్ళోనే ఇంత జ్ఞానం పోగుపడి ఉంది. అది కొండ ఎక్కి మన క్లినిక్కులకు చేరాలి.

ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గాయో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక గాజుపలక, ఒక చుక్క రక్తం, లీష్మన్ రంగు, చూడగలిగిన కన్ను చాలు. యంత్రం ఇచ్చే అంకె ఒక్కోసారి తప్పుతుంది. పరీక్ష గొట్టంలో ప్లేట్‌లెట్లు గుమికూడితే అది తక్కువ లెక్కిస్తుంది, నిజానికి మనిషికి ఏ జబ్బూ ఉండదు. గాజుపలక చూస్తే ఆ గుంపులు కనిపిస్తాయి. అదే పలకలో మలేరియా కనిపిస్తుంది, రక్తక్యాన్సరు కణాలు కనిపిస్తాయి, గుండ్రంగా ముడుచుకున్న ఎర్రకణాలు హీమోలిటిక్ అనీమియాను పట్టిస్తాయి, చీలిపోయిన ఎర్రకణాలు టీటీపీని పట్టిస్తాయి. లెక్క తగ్గిన ప్రతిచోటా ఆ పలక ఒకసారి చూడమని మన ల్యాబుల్లో పనిచేసే యువతీ యువకులను నేను వేడుకుంటున్నాను. మీ కన్ను పట్టుకున్నది పై ఆసుపత్రిలో లక్షలు పోసినా ఆలస్యంగా దొరుకుతుంది.

ఎర్రకణాల జబ్బు మన దగ్గర ఇంకో వేషంలో తప్పించుకుంటుంది. కణాలు పగిలితే లోపలి రంగు బయటికొచ్చి కళ్ళు పచ్చబడతాయి. జ్వరం తర్వాత కళ్ళు పచ్చబడగానే ఇంట్లోవాళ్ళు పచ్చకామెర్లు అంటారు. పసరు మందు ఇచ్చే ఊరు మన చుట్టూ ప్రతి దిక్కునా ఒకటుంది. ఉప్పు, నూనె మానేసి పత్యం పట్టిస్తారు. మామూలు వైరస్ కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొస్తుంది. కానీ ఇది కాలేయపు కామెర్లు కాదు. మనిషి పచ్చగానే కాదు, తెల్లగా కూడా పాలిపోతాడు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, గుండెదడ. కణాలు ఉధృతంగా పగిలితే మూత్రం టీ డికాషన్‌లా వస్తుంది. హిమోగ్లోబిన్ వారంలో పది నుంచి నాలుగుకు పడిపోవచ్చు. కామెర్లతో పాటు పాలిపోవడం ఉంటే పసరు దగ్గరికి కాదు, ఆసుపత్రికి.

ఈ జబ్బును తేల్చే కూంబ్స్ పరీక్షను 1945లో కేంబ్రిడ్జ్‌లో రాబిన్ కూంబ్స్, ఆర్థర్ మౌరాంట్, రాబర్ట్ రేస్ రూపొందించారు. రక్తనిధి ఉన్న ప్రతిచోటా ఆ పరీక్ష చేయగలరు. పిల్లల్లో వైరస్ జ్వరం తర్వాత చలిగాలి తగలగానే మూత్రం ఎర్రబడే రకం ఒకటుంది. దాన్ని 1904లోనే డోనాత్, లాండ్‌స్టైనర్ వివరించారు. రక్తపు గ్రూపులను కనిపెట్టిన లాండ్‌స్టైనరే ఈయన. పలమనేరు చలి మీకు చెప్పక్కర్లేదు, అలాంటి బిడ్డను వెచ్చగా ఉంచడమే సగం వైద్యం. పార్వో వైరస్ మాట కూడా చెప్పి ముందుకు పోతాను. 1975లో లండన్‌లో యివాన్ కోసార్ట్ హెపటైటిస్ బీ కోసం రక్తపు నమూనాలు వెతుకుతుంటే బీ వరుసలో 19వ నమూనాలో కనబడింది, అందుకే దాని పేరు బీ19. ఆరోగ్యవంతులైన పిల్లలకు అది బుగ్గలు ఎర్రబరిచి పోతుంది. ఎర్రకణాలు ముందే పగిలిపోతున్న మనిషిలో చేరితే మూలుగలో కణాల తయారీని వారం పది రోజులు పూర్తిగా ఆపేస్తుంది. ఖర్చు ఆగదు, రాబడి ఆగిపోతుంది. వాళ్ళకు వెంటనే రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

టీటీపీ గురించి ఎక్కువ చెప్పను, ఒక్క హెచ్చరిక తప్ప. 1924లో న్యూయార్క్‌లో ఎలై మాష్కోవిట్జ్ వివరించిన మొదటి రోగి పదహారేళ్ళ బాలిక. కొద్ది రోజుల్లోనే చనిపోయింది. ప్లాస్మా మార్పిడి రాకముందు ఈ జబ్బులో నూటికి తొంభై మంది చనిపోయేవారు. 1991లో కెనడా పరిశోధకులు ప్లాస్మా మార్పిడితో ఆరు నెలల తర్వాత 78 శాతం మంది బతికి ఉన్నారని చూపారు. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రావచ్చు, దానికి జ్వరం ఒక కారణం. ప్లేట్‌లెట్లు తక్కువ, రక్తం తక్కువ, దానితో పాటు మాట తడబడడం, అయోమయం, ఫిట్స్ ఉంటే ప్లేట్‌లెట్లు ఎక్కించి చూద్దామని కూర్చోకూడదు. ప్రాణం మీదికొచ్చిన రక్తస్రావం ఉంటే తప్ప ఇందులో ప్లేట్‌లెట్లు ఎక్కించరు. అంబులెన్సు పిలిచి ప్లాస్మా మార్పిడి ఉన్నచోటికి అదే రాత్రి పంపాలి.

వైద్యం గురించి. ఐటీపీకైనా, హీమోలిటిక్ అనీమియాకైనా మొదటి మందు స్టెరాయిడే. పాత మందు, చవక మందు, చాలామందిలో పనిచేసే మందు. ప్లేట్‌లెట్లు 30,000 పైన ఉండి రక్తస్రావం లేకపోతే పెద్దవాళ్ళలో చాలామందికి మందు లేకుండా చూస్తాం. 1981లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో పాల్ ఇంబాక్ పిల్లలకు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించి ప్లేట్‌లెట్లు త్వరగా పెంచవచ్చని చూపించారు. అది అత్యవసరంలో అక్కరకొస్తుంది, ఖరీదు ఎక్కువ. ప్లీహం తీసేయడం 1916లో ప్రాగ్‌లో కాజ్నెల్సన్ అనే వైద్య విద్యార్థి సూచనతో మొదలైంది. ఇప్పుడు రిటుక్సిమాబ్, ఎల్ట్రాంబోపాగ్ వంటి మందులు వచ్చాక ఆ ఆపరేషన్ తగ్గింది.

మందు ఎంత మంచిదో దాని ప్రమాదం అంత దగ్గర. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరిచి వందేళ్ళు దాటింది. అంటే మన నేల క్షయ ఎరిగిన నేల. ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న క్షయ క్రిములను నెలల తరబడి వాడిన స్టెరాయిడ్ లేపగలదు. కాబట్టి మొదలుపెట్టే ముందే ఛాతీ ఎక్స్‌రే, దగ్గు సంగతి, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా అన్న ప్రశ్న కావాలి. రిటుక్సిమాబ్ ముందు హెపటైటిస్ బీ పరీక్ష తప్పదు. షుగరు ఉన్నవాళ్ళకు స్టెరాయిడ్‌తో షుగరు పెరుగుతుంది. ప్లీహం తీసేసిన మనిషికి జ్వరం వస్తే అది ఆ గంటలోనే చూడాల్సిన జ్వరం, రేపటిదాకా ఆగే జ్వరం కాదు. మరో పక్క, జ్వరమొచ్చిన ప్రతివాళ్ళకీ ఊళ్ళో వేసే డెక్సా సూది ఉంది. అది స్టెరాయిడే. ఐటీపీ ఉన్న మనిషికి తెలియకుండా అది పడితే ప్లేట్‌లెట్లు నాలుగు రోజులు పైకి లేస్తాయి, అందరూ తగ్గిందనుకుంటారు, వారానికి మళ్ళీ కూలుతాయి. అప్పటికి అసలు కారణం వెతకడం రెట్టింపు కష్టమవుతుంది. ఊళ్ళో వైద్యం చేసేవాళ్ళ మీద నాకు కోపం లేదు, అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్ళే. వాళ్ళను అడిగేది ఒకటే: ఒంటి మీద ఎర్రచుక్కలున్నా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తున్నా కండలోకి ఏ సూదీ వేయవద్దు, ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వవద్దు. పారాసెటమాల్ ఇచ్చి రక్తపరీక్షకు పంపండి.

వైరస్ వల్ల తిరగబెడుతుంది సరే, టీకా వల్ల తిరగబెట్టదా అని చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే టీకా తర్వాత సుమారు 40,000 డోసులకు ఒక బిడ్డకు ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, చాలావరకు తొందరగా బాగవుతుంది. అదే రుబెల్లా జబ్బు సోకితే సుమారు 3,000 మందిలో ఒకరికి ప్లేట్‌లెట్లు పడిపోతాయి. తూకం ఎటు ఉందో చూడండి. కోవిడ్ వచ్చిన మొదటి నెలల్లోనే, 2020లో, ఆ జబ్బుతో ఐటీపీ వచ్చిన సంగతి ఫ్రాన్స్ వైద్యులు రాశారు. టీకాల తర్వాత పాత ఐటీపీ రోగుల్లో కొందరికి లెక్క తాత్కాలికంగా తగ్గింది, ఎక్కువమందికి ఏమీ కాలేదు. కోవిషీల్డ్ రకం టీకా తర్వాత అతి కొద్దిమందిలో రక్తం గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు తగ్గిన జబ్బు వేరు, దానికి కారణమైన యాంటీబాడీ వేరు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇలాంటి జబ్బు ఉన్నవాళ్ళు టీకాలు మానకూడదు. డాక్టరుకు చెప్పి వేయించుకుని, వారం తర్వాత ఒకసారి లెక్క చూసుకోవాలి.

ఇక ఈ నేల గురించిన మాట. పలమనేరు మూడు రాష్ట్రాల కూడలిలో ఉంది. గుడియాత్తం మీదుగా వేలూరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగుళూరు, చిత్తూరు మీదుగా తిరుపతి. వేలూరులో సీఎంసీ ఉంది, తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి, బెంగుళూరు ఆసుపత్రులున్నాయి. ఇన్ని దారులున్న ఊరు మనది. అది మన అదృష్టం, మన చిక్కు కూడా. మొదటిసారి జబ్బు వేలూరులో తేలుతుంది, తిరగబెట్టినప్పుడు తిరుపతి తీసుకెళ్తారు, మూడోసారి కొడుకు ఉద్యోగం చేసే బెంగుళూరులో చూపిస్తారు. ఒక చోటి కాగితాలు ఇంకో చోటికి రావు. ఏ మందుకు ఒళ్ళు స్పందించింది, ఏది పనిచేయలేదు, ప్లీహం ఉందా తీశారా, క్షయ పరీక్ష చేశారా అన్నది ఎవరికీ తెలియదు. ప్రతి చోటా వైద్యం మొదటి నుంచి మొదలవుతుంది. జ్వరం వచ్చిన రోజు వాళ్ళను చూసేది మాత్రం ఈ మూడు ఊళ్ళూ కావు. పలమనేరు ఏరియా ఆసుపత్రి, వి.కోటలోనో బైరెడ్డిపల్లెలోనో ఒక క్లినిక్కు. వాళ్ళ చేతిలో ఏ కాగితమూ ఉండదు.

దీన్ని సరిదిద్దడానికి కొత్త చట్టాలు రానక్కర్లేదు. ఒక్క కాగితం చాలు, తెలుగులోనే. జబ్బు పేరు, మొదట వచ్చిన ఏడు, అప్పటి అత్యల్ప లెక్క, పనిచేసిన మందు, పడని మందు, ప్లీహం సంగతి, రక్తపు గ్రూపు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఆధార్ కార్డుతో పాటు దాచుకోవాలి, ఫోనులో ఫొటో ఉండాలి. పై ఆసుపత్రుల వైద్యులకు కూడా ఈ వేదిక నుంచి విన్నవిస్తున్నాను: డిశ్చార్జి కాగితం చివర నాలుగు వరుసలు రోగి భాషలో రాయండి. జ్వరం వస్తే రెండో రోజే రక్తపరీక్ష చేయించుకోవాలని, స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపకూడదని అందులో ఉండాలి. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను జ్వరంలో హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. జ్వరం కదా, ఈ మందులన్నీ ఎందుకని ఇంట్లోవాళ్ళు ఆపేయడం మనం చూస్తూనే ఉన్నాం.

పెళ్ళి కోసం కాగితాలు దాచే తల్లిదండ్రులకు ఒక మాట. ఐటీపీ ఉన్న అమ్మాయిలు పెళ్ళి చేసుకుంటారు, పిల్లల్ని కంటారు, ముందే తెలిస్తే కాన్పు జాగ్రత్తగా జరుగుతుంది. దాచిన కాగితం ఆమెను కాపాడదు. అత్తింటివాళ్ళకు తెలిసిన జబ్బే ఆమెకు తక్కువ ప్రమాదం.

ఈ వానాకాలంలో మీ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు తగ్గాయన్నా, తగ్గిపోయాక కూడా ఒక పని చేయండి. జ్వరం దిగిన పదిహేనో రోజున మళ్ళీ ఒకసారి రక్తపరీక్ష చేయించండి. లెక్క లక్ష దాటితే చాలావరకు నిశ్చింత. దాటకపోతే, ఆ కాగితం పట్టుకుని ఎంత దూరమైనా వెళ్ళి, ఇది ఎందుకు లేవలేదని అడగండి, జవాబు చెప్పేదాకా వదలకండి.